పందెపు మోటారు సైకిలు: మొదటి వంద మీటర్లు

మోటారు సైకిలు పందెంలో గెలవడానికి ఇరవైకి పైగా చుట్లు తిరగవలసి ఉంటుంది. ఆ దూరమంతటిలో మొదటి వంద మీటర్ల సంగతి వేరు. తక్కిన చోట్ల బండ్లు అప్పటికే పరుగులో ఉంటాయి, ఒకదానినుండి ఒకటి విడివడి ఉంటాయి. ఇక్కడ మాత్రం ఇరవైకి అటూ ఇటూగా ఉన్న బండ్లన్నీ కదలని స్థితి నుండి ఒక్కసారిగా బయలుదేరి, కొద్ది సెకన్లలోనే ఒకే మలుపులోనికి దూరాలి. ముందుగా దూరినవానికి ఎదుట ఖాళీ బాట. వెనుకబడినవానికి ఎదుట గోడవలె బండ్ల గుంపు.

నిశ్చలంగా ఉన్న వస్తువుపై బలాన్ని ప్రయోగించి దానికి త్వరణాన్ని కలిగించడం ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన పాఠమే. ఆ పాఠాన్ని రెండు చక్రాల బండిపై చక్కగా అమలు జరపడానికి మాత్రం నూరేళ్లకు పైగా పట్టింది. మొదట ఇంజను అడ్డు వచ్చింది, తరువాత క్లచ్ అడ్డు వచ్చింది, ఆ రెండూ లొంగిన తరువాత బండి ఆకారమే అడ్డు నిలిచింది.

1907 మే 28వ తేదీన ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో మొదటి టూరిస్ట్ ట్రోఫీ పందెం జరిగింది. బ్రిటనులో ప్రజల రోడ్లపై పందేలకు అనుమతి లేదు. ఇంగ్లండుకు ఐర్లండుకు నడుమ ఉన్న ఈ ద్వీపానికి స్వంత శాసన సభ ఉన్నది కాబట్టి అక్కడ వీలయింది. సెంట్ జాన్స్ అనే గ్రామం నుండి 25 మంది జంటలు జంటలుగా బయలుదేరారు. ఒక సిలిండరు బండ్లలో మాచ్‌లెస్ యంత్రంపై చార్లీ కాలియర్ గంటకు సుమారు 61 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు. రెండు సిలిండర్ల బండ్లలో ప్యూజో ఇంజను అమర్చిన నార్టన్‌పై రెమ్ ఫౌలర్ గెలిచాడు. బయలుదేరబోయే ముందు ఫౌలర్ పాలు కలిపిన బ్రాందీ ఒక గ్లాసు పుచ్చుకొన్నాడట. ఆనాటి రోడ్లూ ఆనాటి బ్రేకులూ ఎటువంటివో తెలిసినవారు అతన్ని తప్పు పట్టరు.

ఆ బండ్లలో చాలావాటికి గేర్లు లేవు, క్లచ్ లేదు. ఇంజను ఇరుసు నుండి వెనుక చక్రానికి ఒక తోలు బెల్టు, అంతే. ఇంజను తిరిగితే చక్రం తిరగాలి, చక్రం ఆగితే ఇంజను ఆగాలి. ఇంజను నడుస్తూ ఉండగా బండి నిలిచి ఉండడం అసాధ్యం. కనుక బయలుదేరడమంటే బండిని పట్టుకొని పరుగెత్తి, ఇంజను అందుకోగానే పైకి దూకడం. లేదా సైకిలువలె పెడళ్లు తొక్కడం. పెడళ్లు ఉన్నవానికి ఎత్తులపైన కూడ కాళ్లు సాయం చేస్తాయి, లేనివానికి ఆ సదుపాయం లేదు. ఇది న్యాయం కాదన్న తగవు వచ్చి 1908లో పెడళ్లను నిషేధించారు.

నాలుగేళ్లు గడిచేసరికి పరిస్థితి మారింది. 1911లో పందెం స్నేఫెల్ కొండమీదుగా పోయే పొడుగాటి మార్గానికి మారింది. ఆ ఏడు పెద్ద తరగతి పందెంలో అమెరికా నుండి వచ్చిన ఇండియన్ యంత్రాలు మొదటి మూడు స్థానాలూ తీసుకొన్నాయి. వాటికి బెల్టుకు బదులు గొలుసు, రెండు గేర్లు ఉండేవి. గేర్లు, క్లచ్ వచ్చిన తరువాత ఇంజనును నడుపుతూనే బండిని నిలిపి ఉంచడం వీలయింది. కాలితో తన్ని ఇంజనును నడిపించే కిక్ స్టార్టరును ఆల్ఫ్రెడ్ స్కాట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు అంతకు ముందే తన బండ్లపై పెట్టాడు.

ఇన్ని సాధనాలు చేతికి వచ్చినా, పందేలు మాత్రం పాత పద్ధతినే పట్టుకొని వ్రేలాడాయి. 1949లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలయినప్పటి నుండి 1986 చివరివరకు గ్రాండ్ ప్రీ పందేలలో ఇంజను ఆపిన బండ్ల ప్రక్కన చోదకులు నిలబడేవారు. జెండా పడగానే తోయడం మొదలుపెట్టేవారు. కిక్ స్టార్టరు బరువు పందెపు బండికి అనవసరమైన భారమని తీసివేసేవారు. ఆచారాన్ని మార్చడం ఇంజనును మార్చడం కంటె కష్టం కాబోలు!

అయినా ఈ తోపుడులో ఉన్న భౌతిక శాస్త్రాన్ని తక్కువగా చూడరాదు. మన వీధుల్లో బ్యాటరీ చచ్చిన బండిని నలుగురు తోసి స్టార్టు చేయడం అందరూ చూచినదే. పందెంలో ఆ నలుగురి పని ఒక్కడే, అదీ మూడు నాలుగు అడుగులలో చేయాలి. చోదకుడు ముందుగా బండిని గేరులో ఉంచి వెనుకకు లాగుతాడు. పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కే దశ దగ్గర అది బిగుసుకొని ఆగుతుంది. ఆ చోటు నుండి ముందుకు తోస్తే, మళ్లీ ఆ నొక్కుడు ఎదురయ్యే లోపల ఇంజను దాదాపు రెండు చుట్లు తేలికగా తిరిగి కొంత గతిజ శక్తిని పోగు చేసుకొంటుంది. క్లచ్ పట్టుకొని రెండు మూడడుగులు పరుగెత్తి, ఒక ప్రక్కగా ఆసనంపై ధబాలున కూర్చుంటూ అదే క్షణంలో క్లచ్ వదలాలి. కూర్చోవడం ఎందుకు? వెనుక చక్రంపై భారం పెరిగితే నేల యొక్క అభిలంబ ప్రతిచర్య పెరుగుతుంది, దానితో ఘర్షణ పెరుగుతుంది. లేకపోతే ఇంజను బిగింపుకు చక్రం తిరగక రోడ్డుపై జారిపోతుంది. ఇంజను అందుకోగానే కాలు అటువైపు వేసి సర్దుకోవాలి. పొట్టివారికి, కాలు విరిగి అతికించుకొన్నవారికి ఇది శిక్షవంటిది. ఇంజను శక్తితో నిమిత్తం లేకుండ, పరుగు బాగా వచ్చినవాడు మొదటి మలుపుకు ముందు చేరేవాడు.

ఆ కాలంలో ఇంజనులు కూడ విపరీతపు దారులు తొక్కాయి. 1960 దశకంలో 50 సి.సి. తరగతిలో జపాను కంపెనీలు పోటీపడి, నిమిషానికి ఇరవై వేల చుట్ల వరకు తిరిగే అతి చిన్న ఇంజనులు చేశాయి. ఇవి చాలా ఇరుకైన వేగ పరిధిలోనే శక్తినిస్తాయి. ఆ పరిధి క్రిందికి జారితే బండి ముందుకు కదలనే కదలదు. అందుకే 1967 నాటి సుజుకీ రెండు సిలిండర్ల బండికి 14 గేర్లు పెట్టవలసి వచ్చింది. 1969 నుండి ఆ తరగతికి ఒకే సిలిండరు, ఆరు గేర్లకు మించరాదన్న నిబంధన పెట్టారు. ఇటువంటి బండిని తోసి బయలుదేరదీసేటప్పుడు క్లచ్‌ను పూర్తిగా వదలకుండ, కొంత జారనిస్తూ, ఇంజను వేగాన్ని ఆ పరిధిలోనే నిలిపి ఉంచడం నేర్చుకోవాలి. తరువాతి దశకు ఇదే తొలి పాఠం అయింది.

తోపుడు పద్ధతిలో అసలు ప్రమాదం వేరు. ముందు వరుసలో ఒకని ఇంజను అందుకోకపోతే అతడు బాట మధ్యలో బండి ప్రక్కన నిలబడి ఉంటాడు. వెనుకనుండి అందుకొన్న బండ్లు పొగలో దూసుకొని వస్తాయి. 1980 దశకంలో 500 సి.సి. బండ్ల శక్తి బాగా పెరిగిన కొద్దీ ఈ ప్రమాదం భరించరానిదయింది. 1987 సంవత్సరపు పందేల నుండి తోపుడు పద్ధతిని తీసివేశారు. నడుస్తున్న ఇంజనుతో ఆసనంపై కూర్చుని, క్లచ్ పట్టుకొని వేచి ఉండి బయలుదేరడం అప్పటినుండి వచ్చింది.

(ఇరవై నాలుగు గంటల ఓర్పు పందేలలో మరొక పాత ఆచారం ఇంకా నిలిచి ఉన్నది. చోదకులు బాటకు ఆవలి ప్రక్కన నిలబడి, సంజ్ఞ కాగానే పరుగెత్తి వచ్చి బండి ఎక్కుతారు. ఫ్రాన్సులోని లెమాన్స్ కార్ల పందెం నుండి వచ్చిన పద్ధతి ఇది. 1969లో జాకీ ఇక్స్ అనే బెల్జియం చోదకుడు ఈ పరుగు ప్రమాదకరమని నిరసన తెలుపుతూ తన కారు వద్దకు నింపాదిగా నడిచి వెళ్లి, చిట్టచివర బయలుదేరి, చివరకు ఆ పందెం గెలిచాడు. కార్ల వారు ఆ తరువాత పరుగు మానుకొన్నారు; మోటారు సైకిళ్లవారు మానలేదు.)

క్లచ్‌తో బయలుదేరడం సుళువనిపించవచ్చు. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. బండి నిలిచి ఉన్నది, ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతున్నది. ఈ రెంటి వేగాలు కలిసే వరకు క్లచ్ పలకలు ఒకదానిపై ఒకటి జారుతూనే ఉండాలి. ఇంజను వేగాన్ని ఒకే స్థాయిలో నిలిపి బండి వేగాన్ని సమానంగా పెంచుతూ పోతే, ఇంజను చేసిన పనిలో సగమే బండికి గతిజ శక్తిగా చేరుతుంది. మిగిలిన సగం క్లచ్‌లో వేడిగా మారుతుంది. అనగా క్లచ్‌లో పుట్టిన ఉష్ణం, బండి పొందిన గతిజ శక్తికి సమానం. బండి, చోదకుడు కలిసి 235 కిలోగ్రాములనీ, గంటకు 100 కిలోమీటర్ల వేగం వద్ద జారుడు ముగిసిందనీ అనుకొందాము. గతిజ శక్తి సుమారు 90 కిలోజౌళ్లు. ఇంతే ఉష్ణం మూడు సెకన్ల లోపల అరచేతిలో పట్టేటంత పలకల కట్టలో పుడుతుంది. ఒక పెద్ద గ్లాసెడు చన్నీళ్లను మరిగించడానికి ఇది చాలు. పలకలు వేడెక్కితే వాటి ఘర్షణ మారుతుంది, ఎడమచేతి వేళ్లకు అలవాటైన పట్టు తప్పుతుంది. బయలుదేరడాన్ని వరుసగా పదిసార్లు అభ్యాసం చేద్దామంటే కుదరదు. అభ్యాస సమయం చివర ఒకటి రెండుసార్లు చేసి ఊరుకొంటారు.

శక్తిని ఇలా అదుపులోనికి తెచ్చిన తరువాత రెండు హద్దులు మిగిలాయి. ఒకటి టైరు పట్టు. ఘర్షణ గుణకం ఒకటికి మించదని భావిస్తే, త్వరణం గురుత్వ త్వరణానికి మించరాదు. ఆ లెక్కన పావు మైలు దూరాన్ని 9 సెకన్లకు తక్కువలో దాటడం, చివర గంటకు 200 మైళ్ల వేగాన్ని అందుకోవడం వీలుకాదు. అమెరికాలో తిన్నని బాటపై పావు మైలు పందేలు ఆడేవారు ఈ హద్దును లెక్కచేయలేదు. 1964లో డాన్ గార్లిట్స్ తన నాలుగు చక్రాల బండిపై ఆ 200 మైళ్లను దాటాడు. మెత్తని రబ్బరు రోడ్డు గరుకులోనికి దిగి, అతుక్కొని, నలిగి పట్టుకొంటుంది కాబట్టి దాని ఘర్షణ గుణకం ఒకటిని సులభంగా దాటగలదు. చెక్క దిమ్మను బల్లపై లాగి నేర్చుకొన్న నియమం రబ్బరుకు అచ్చంగా వర్తించదన్నమాట.

ఆ పందేల వారిలో ఇ. జె. పాటర్ అనే మిషిగన్ రాష్ట్రంవాడు ఒక విచిత్రపు మనిషి. 1960 దశకంలో ఇతడు ఎనిమిది సిలిండర్ల షెవర్లే కారు ఇంజనును మోటారు సైకిలు చట్రంలో ఇరికించాడు. క్లచ్ పెట్టలేదు. వెనుక చక్రాన్ని స్టాండుపై గాలిలో ఉంచి ఇంజనును పూర్తి వేగంతో తిప్పి, అలా గిర్రున తిరుగుతున్న చక్రంతో బండిని స్టాండు నుండి క్రిందికి పడనిచ్చేవాడు. టైరు పొగలు కక్కుతూ బండి వెళ్లిపోయేది. పిచ్చిపనివలె కనిపించినా దీనిలో ఒక తర్కం ఉన్నది: క్లచ్‌లో జరగవలసిన జారుడు ఇక్కడ టైరు వద్ద జరిగింది.

రెండవ హద్దు ముందు చక్రం లేవడం. మోటారు సైకిలుకు ఇదే అసలు చిక్కు. చరిత్రలో అన్నిటికంటె ఆలస్యంగా తలకెక్కినదీ ఇదే. వెనుక టైరు నేలను తాకే బిందువును ఇరుసుగా భావించండి. బండి బరువు, గురుత్వ కేంద్రం ద్వారా పనిచేస్తూ ముందు చక్రాన్ని క్రిందికి నొక్కుతుంది. దాని భ్రామకం బరువును, ఆ బిందువు నుండి గురుత్వ కేంద్రానికి గల అడ్డ దూరంతో గుణిస్తే వస్తుంది. త్వరణం వలన కలిగే జడత్వపు లాగుడు బండిని వెనుకకు తిరగవేయ చూస్తుంది. దాని భ్రామకం ద్రవ్యరాశిని, త్వరణాన్ని, గురుత్వ కేంద్రపు ఎత్తును గుణిస్తే వస్తుంది. ఈ రెండూ సమానమయినప్పుడు ముందు చక్రం నేలను విడుస్తుంది. సమీకరణం వ్రాసి చూస్తే ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టివేయబడుతుంది. మిగిలేది ఇంతే: అత్యధిక త్వరణం, గురుత్వ త్వరణాన్ని అడ్డ దూరంతో గుణించి ఎత్తుతో భాగిస్తే వచ్చేది. అందులో బండి బరువు లేదు, ఇంజను శక్తి లేదు. 50 అశ్వశక్తి చాలే చోట 250 ఉన్నా ఈ హద్దు కదలదు.

పావు మైలు పందేలవారు దీనికి సూటి అయిన ఉపాయం కనిపెట్టారు. బండిని పొడుగు చేశారు, వెనుకకు పొడుగాటి కమ్మీలు కట్టి వాటి చివర చిన్న చక్రాలు పెట్టారు. వారికి తిన్నగా పోవడమే పని. మలుపులు తిరగవలసిన పందెపు బండికి ఈ పొడుగు పనికిరాదు. అక్కడ చోదకుడు ట్యాంకుపై బోర్లా వాలి, గడ్డం ముందుకు చాచి, తన శరీరంతోనే గురుత్వ కేంద్రాన్ని ముందుకూ క్రిందికీ జరపవలసి వచ్చేది.

2002లో పెద్ద తరగతి పందేలకు మోటో జీపీ అన్న పేరుతో 990 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజనులు వచ్చాయి. వాటి వెంట ఎలక్ట్రానిక్ సాధనాలు వచ్చాయి. బయలుదేరేటప్పుడు ఇంజను వేగాన్ని ఒక హద్దుకు మించనీయకుండ, ముందు చక్రం లేస్తే శక్తిని తగ్గిస్తూ కంప్యూటరు కాపాడేది. ఇది చాలా సాయం చేసింది గాని, పైన చెప్పిన హద్దు దగ్గర బండిని నిలిపిందే తప్ప ఆ హద్దును జరపలేదు. జరపాలంటే ఎత్తును తగ్గించాలి.

ఆ కిటుకు మట్టిబాటల పందేలైన మోటోక్రాస్‌లో అప్పటికే ఉన్నది. అక్కడ పడిపోయే గేటు వెనుక నలభై బండ్లు ఒకే వరుసలో నిలుస్తాయి. మొదటి మలుపుకు ముందుగా చేరడాన్ని ‘హోల్‌షాట్’ అంటారు. ముందు ఫోర్కును అణచి ఒక చిన్న కొక్కెంతో బిగిస్తే బండి ముక్కు వంగి ఉంటుంది. మొదటిసారి గట్టిగా బ్రేకు వేయగానే ఫోర్కు మరికొంత అణగి కొక్కెం దానంతటదే విడిపోతుంది. ఈ పద్ధతిని ఇటలీలోని డుకాటీ కంపెనీ మోటో జీపీకి తెచ్చి, వెనుక భాగాన్ని కూడ దించే ఏర్పాటు చేసింది. 2019 నాటికి ఇది అందరి కళ్లలో పడింది. కొద్ది కాలంలోనే తక్కిన కంపెనీలన్నీ అనుసరించాయి.

కొన్ని సెంటీమీటర్లు దించినంత మాత్రాన ఏమవుతుంది? ఉదాహరణకు అడ్డ దూరం 70 సెంటీమీటర్లు, ఎత్తు 68 సెంటీమీటర్లు అనుకొందాము. అత్యధిక త్వరణం సెకనుకు సెకనుకు 10.1 మీటర్లు. ఎత్తును 62 సెంటీమీటర్లకు దించితే అది 11.1 మీటర్లవుతుంది. రెండవ బండి వంద మీటర్లు చేరడానికి 4.25 సెకన్లు పడుతుంది. ఆ క్షణాన మొదటి బండి 91 మీటర్ల వద్దనే ఉంటుంది. తేడా 9 మీటర్లు. మోటో జీపీ పందెంలో బండ్లను ముగ్గురు చొప్పున వరుసలుగా నిలుపుతారు; ఒక వరుసకు మరొక వరుసకు మధ్య దూరం సరిగ్గా 9 మీటర్లు! అనగా ఆరు సెంటీమీటర్ల ఎత్తు ఒక వరుసకు సమానం. ముందు రోజు అభ్యాసంలో ఎంతో శ్రమపడి సంపాదించిన స్థానాన్ని ఒక కొక్కెం రెండు వందల మిల్లీ సెకన్లలో తారుమారు చేయగలదు. కంపెనీలు ఎందుకు పరుగులు పెట్టాయో దీనినిబట్టి ఊహించవచ్చు. (ఇవి లెక్కకోసం తీసుకొన్న కొలతలే, పాఠశాలలో పిల్లలచేత వేరు అంకెలతో చేయించి చూడవచ్చును.)

వేగంగా బయలుదేరితే మొదటి మలుపుకు వేగంగానే చేరాలి, మరింత గట్టిగా బ్రేకు వేయాలి. అందరి బండ్లూ ఒకేలా బయలుదేరితే అందరూ ఒకేసారి అక్కడికి చేరుతారు. 2023 నుండి ప్రతి ఆదివారపు పందెంతోపాటు శనివారం సగం దూరపు పందెం కూడ పెట్టడంతో ఇటువంటి బయలుదేరుడులు రెట్టింపయ్యాయి. ఆ ఏడు సెప్టెంబరు 3న బార్సిలోనా దగ్గర మొదటి మలుపులో ఒకరి బ్రేకు తప్పి అయిదు బండ్లు పడిపోయాయి. అదే చుట్టులో రెండవ మలుపు దాటుతూ ముందున్న ఛాంపియన్ బన్యాయా క్రిందపడగా, వెనుక బండి అతని కాలిమీదుగా పోయింది. మూడు వారాల తరువాత మన దేశంలో మొదటిసారిగా గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన పందెంలో కూడ ఇటువంటిదే జరిగింది. సెప్టెంబరు 23 శనివారపు పందెపు మొదటి మలుపులో ఒకే జట్టుకు చెందిన మారినీ, బెజెకీ ఢీకొన్నారు. మారినీ మెడ క్రింది ఎముక విరిగింది. మరునాటి పెద్ద పందెంలో గెలిచినవాడు ఆ బెజెకీయే. ఈ ప్రమాదాలన్నిటికీ బండిని దించే సాధనమే కారణమనడం సరికాదు. మలుపు ఇరుకు, మనుషులు ఎక్కువ. కాని ఆ ఇరుకులోనికి చేరే వేగాన్ని అది పెంచిందన్నది లెక్క చెప్పే మాట. కొక్కెం విడిపోకపోతే వంగిన ముక్కుతోనే మలుపు తిరగవలసి వచ్చే చిక్కు మరొకటి.

2024 మే నెలలో నిర్వాహకులు 2027 సంవత్సరపు నిబంధనలు ప్రకటించారు. ఇంజను పరిమాణాన్ని 1000 సి.సి. నుండి 850కి తగ్గించారు. పరుగులో బండిని దించే సాధనాలతోపాటు, బయలుదేరేటప్పుడు దించే కొక్కేలను కూడ నిషేధించారు. ఎత్తు తిరిగి మునుపటి ఎత్తే అవుతుంది, హద్దు వెనుకకు జరుగుతుంది. అప్పుడు చోదకుడు మళ్లీ ట్యాంకుపై బోర్లా వాలి, గడ్డం ముందుకు చాచి, ఎర్ర దీపాలు ఆరే వరకు ఎడమచేతి రెండు వేళ్లతో క్లచ్‌ను పట్టుకొని కూర్చోవలసి ఉంటుంది.